రీసెట్ పుల్ల గుచ్చే ముందు

నెట్, కంప్యూటర్ల గురించి ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావాటి చివర ఒకే మాట ఉంది: “రీసెట్ కూడా కొట్టి చూశామండి, ఫలితం లేదు.” రౌటరు వెనక చిన్న బెజ్జంలో పుల్ల గుచ్చి పది సెకన్లు నొక్కితే తప్పు పోదు. తప్పెక్కడుందో చెప్పే ఆనవాళ్ళు పోతాయి. వాటితోపాటు కంపెనీ ఇచ్చిన యూజర్ నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబరు (కంపెనీ లైనును గుర్తుపట్టే అంకె) కూడా చెరిగిపోతాయి. అవి తిరిగి ఎక్కించేవాడు వచ్చేదాకా ఇంట్లో నెట్ ఉండదు. ఒక్కసారి ఆపి వెలిగించడం వేరు, అందులో తప్పులేదు. రీసెట్ మాత్రం అన్నీ చూశాక, సెట్టింగులు ఫోటో తీసుకున్నాక చేసే పని.

ప్రశ్న: వాన పడ్డ మర్నాడల్లా మా ఫైబర్ పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ఎండ కాస్తే మధ్యాహ్నానికి దానంతటదే పోతోంది. కేబుల్ కుర్రాడు పెట్టె మార్చమంటున్నాడు. మార్చాలా అండి?
— ఒక గృహిణి, ముమ్మిడివరం

మార్చకండి. పెట్టె పాడైతే ఎండ కాసినంత మాత్రాన బాగుపడదు. ఎల్ఓఎస్ అని రాసి ఉన్న ఆ ఎర్ర లైటుకు ఒకటే అర్థం: తీగలోంచి రావలసిన వెలుతురు రావడం లేదు, వచ్చినా చాలడం లేదు. తప్పు బయట ఉంది, తడితో వస్తోంది.

ముందు ఒక అంకె రాసుకోండి. ఫోన్‌ను ఆ పెట్టె వైఫైకి కలిపి బ్రౌజరులో 192.168.1.1 కొట్టండి. కొన్ని పెట్టెలకు 192.168.0.1, కొన్నిటికి 192.168.100.1 ఉంటుంది. అడుగున అంటించిన కాగితం మీద చూడొచ్చు. స్టేటస్ పేజీలో ఆప్టికల్ లేదా పాన్ (పీఓఎన్) అనే చోట ‘ఆర్ఎక్స్ పవర్’ పక్కన డీబీఎంలలో (సిగ్నల్ బలం కొలత) మైనస్ అంకె కనిపిస్తుంది. −15 నుంచి −25 మధ్య ఉంటే దిగులు లేదు. −27 దగ్గరకు వస్తే తెగుతూ అతుకుతూ ఉంటుంది, −28 దాటితే మామూలు పెట్టెలు చేతులెత్తేస్తాయి. మైనస్ అంకె పెద్దదైన కొద్దీ వెలుతురు తగ్గినట్టు లెక్క. మూడు తగ్గితే సగం పోయినట్టే. పొడి రోజున ఒకసారి, వాన వెలిసిన వెంటనే ఒకసారి ఈ అంకె రాసి తేదీతో పెట్టుకోండి. పొడి రోజు −22, తడి రోజు −28 ఉంటే ఇక కేబుల్ కుర్రాడితో వాదన అక్కర్లేదు. కాగితం చూపిస్తే చాలు.

కోనసీమలో ఈ తప్పు ఎక్కువగా మూడు చోట్ల ఉంటుంది. మొదటిది స్తంభం మీద జాయింటు డబ్బా. మూత సరిగా బిగించకపోయినా, తీగలు దూర్చిన బెజ్జాలు పైవైపుకు ఉన్నా నీళ్ళు లోపల నిలుస్తాయి. బెజ్జాలు కిందికి చూడాలి. రెండోది కొబ్బరి మట్ట. వాలిన మట్ట తీగ మీద ఆనుకుని, తడిసి బరువెక్కినప్పుడు తీగను వంచుతుంది, ఆరితే వదులుతుంది. మీ ఇంటికి వచ్చే తీగ వెంట ఒకసారి తలెత్తి చూసుకుంటూ నడవండి. మూడోది గోడలోకి దూరే చోటు. తీగ పైనుంచి వాలుగా నేరుగా బెజ్జంలోకి వస్తే వాన నీరు దాని వెంటే జారి కనెక్టరు దాకా వస్తుంది. గోడ దగ్గర తీగను జానెడు కిందికి వేలాడేలా వదిలి, అక్కణ్ణుంచి పైకి బెజ్జంలోకి ఎక్కించాలి. నీటి చుక్క ఆ వంపు దగ్గరే కింద పడిపోతుంది.

ఇంటి లోపల మీరు చూడగలిగింది చుట్ట. మిగిలిన తీగను గాజంత చిన్న చుట్టగా చుట్టి మేకుకు తగిలిస్తే వెలుతురు వంపులోంచి బయటికి కారిపోతుంది. పళ్ళెమంత చుట్ట ఉండాలి. కనెక్టరు రంగు కూడా చూడండి. పచ్చది పచ్చ సాకెట్‌లోకే, నీలంది నీలంలోకే. పచ్చదాని కొసను 8 డిగ్రీలు ఏటవాలుగా కోస్తారు కాబట్టి నీలం దానితో ముఖాముఖి ఆనదు. కొస తుడవాలంటే చొక్కా చెంగు పనికిరాదు. నూలుపోగు రాలని బట్ట, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడాలి. ఊడదీసిన కొసలోకి కన్నుపెట్టి చూడకండి. ఆ వెలుతురు కంటికి కనబడదు, అందుకే ప్రమాదం.

ప్రశ్న: రౌటరు రోజూ రాత్రి ఏడు దాటాక తనంతట తనే ఆగి వెలుగుతోంది. పగలు ఏ బాధా లేదు. మీటరు పెడితే అడాప్టరు 12 వోల్టులు సరిగ్గానే చూపిస్తోంది.
— ఎలక్ట్రికల్ షాపు, పాలకొల్లు

మీటరు ఒక్కటే పెడితే అడాప్టరు మీద బరువు లేదు. బరువు లేనప్పుడు ముసలి అడాప్టరు కూడా 12 చూపిస్తుంది. రాత్రి అందరూ ఇంటికి చేరి నాలుగు ఫోన్లు, టీవీ కలిసేసరికి రౌటరు ఎక్కువ కరెంటు లాగుతుంది, లోపలి కెపాసిటర్లు ఎండిపోయిన అడాప్టరు 10 వోల్టులకు జారుతుంది, రౌటరు పడిపోతుంది. అదే వోల్టేజి ఉన్న ఇంకో అడాప్టరు పెట్టి రెండు రాత్రులు చూడండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి. ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ కూడదు. 12 వోల్టులు 1.5 ఆంపియర్ల దానికి 2 ఆంపియర్లది నిక్షేపంగా వాడొచ్చు. పిన్ను లోపలి బెజ్జం 2.1 మిల్లీమీటర్లు, 2.5 మిల్లీమీటర్లు అని రెండు రకాలున్నాయి. పైకి ఒకేలా కనిపిస్తాయి. 2.1 సాకెట్‌లో 2.5 పిన్ను పెడితే తాకీ తాకనట్టుండి ఇదే జబ్బు తెస్తుంది.

ప్రశ్న: ఇంటి మేడ మీద నుంచి 2 కిలోమీటర్ల దూరంలో ఉన్న రొయ్యల చెరువు షెడ్డుకు 5.8 గిగాహెర్ట్జ్ యాంటెన్నాలతో నెట్ పంపుతున్నాం. రెండు వైపులా 10 మీటర్ల ఎత్తు పైపులు. మధ్యలో అన్నీ చెరువులే, ఒక్క చెట్టూ అడ్డం లేదు. గాలి వీచే సాయంత్రాలు బాగుంటుంది, తెల్లవారుజామున మాత్రం కెమెరాలు ఆగిపోతాయి. పనివాళ్ళు మేత వేసేది ఆ వేళలోనే.
— ఆక్వా రైతు, ఆకివీడు

మీరు చెప్పిన గుర్తులే రోగాన్ని పట్టిస్తున్నాయి. తెల్లవారుజామున గాలి లేక చెరువు నీళ్ళు అద్దంలా ఉంటాయి. మీ యాంటెన్నా నుంచి తరంగం నేరుగా ఒకటి, నీటి మీద తగిలి ఎగిరి ఒకటి, రెండు దారుల్లో షెడ్డుకు చేరుతోంది. నీటి మీద తగిలినది తలకిందులై వస్తుంది. రెండో దారి ఎంత పొడుగో దాన్నిబట్టి ఆ రెండూ ఒకదానికొకటి బలం ఇవ్వొచ్చు, లేదా ఒకదాన్నొకటి తినేయొచ్చు. గాలికి అలలు లేస్తే ఎగిరే తరంగం చెల్లాచెదురై పోతుంది, అందుకే సాయంత్రం బాగుంటుంది.

లెక్క వేసి చూడండి. రెండు ఎత్తులను గుణించి, రెట్టింపు చేసి, దూరంతో భాగిస్తే రెండు దారుల తేడా వస్తుంది. 10, 10 గుణిస్తే 100, రెట్టింపు 200, దాన్ని 2000 మీటర్లతో భాగిస్తే 0.1 మీటరు, అంటే 10 సెంటీమీటర్లు. 5.8 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 5.2 సెంటీమీటర్లు. తేడా ఇంచుమించు రెండు నిండు తరంగాలు అయింది, పైగా నీటి దగ్గర తలకిందులు. సరిగ్గా తినేసుకునే చోట మీ యాంటెన్నాలు కూర్చున్నాయి. షెడ్డు వైపుది 8 మీటర్లకు దించితే తేడా 8 సెంటీమీటర్లు, అంటే ఒకటిన్నర తరంగం అవుతుంది. అప్పుడు ఎగిరి వచ్చినది నేరుగా వచ్చినదానికి తోడవుతుంది. ఎత్తు కొలవాల్సింది గట్టు మీద నుంచి కాదు, నీటి మట్టం నుంచి. చెరువు నింపినప్పుడూ ఎండగట్టినప్పుడూ సిగ్నల్ మారేది అందుకే.

అంటే ఎత్తు పెంచడం ఇక్కడ మందు కాదు. క్లాంపు వదులు చేసి అరమీటరు చొప్పున దించుతూ, ప్రతిచోటా పది నిమిషాలు ఆగి యాంటెన్నా చూపే సిగ్నల్ అంకె రాసుకోవాలి. ఈ పని నీళ్ళు కదలని తెల్లవారుజామునే చేయాలి, గాలి వీచేటప్పుడు చేస్తే తేడా తెలియదు. రెండు వైపులా 16 డీబీఐ (యాంటెన్నా బలం కొలత) యాంటెన్నాలుండి 20 డీబీఎంతో పంపుతుంటే 2 కిలోమీటర్లకు −62 డీబీఎం దగ్గర అందాలి. 23 డీబీఐ డిష్‌లయితే −48 దగ్గర. దానికి ఐదారు తక్కువ ఉంటే ఫరవాలేదు, పదిహేను తక్కువ ఉంటే ఎత్తు గానీ దిశ గానీ తప్పు. అయితే మరీ కిందికీ దించకూడదు. ఈ దూరానికి తరంగం నడిమధ్యన చుట్టూ 5 మీటర్ల మేర వ్యాపిస్తుంది, అందులో కనీసం 3 మీటర్లు నేలకూ, నీటికీ, గట్టు మీది చెట్లకూ తగలకుండా ఉండాలి. దారి మధ్యలో తర్వాతెప్పుడైనా గట్టు మీద కొబ్బరి మొక్కలు వేస్తే నాలుగైదేళ్ళకు అవే అడ్డమవుతాయి. నీరు నిండిన ఆకు 5 గిగాహెర్ట్జ్‌ను గోడలాగే ఆపుతుంది.

ఇక ఉప్పుగాలి. యాంటెన్నాకు వెళ్ళే కేబుల్ జాక్ ఏడాదికి పచ్చగా చిలుము పడుతుంది. జాక్ మీద సాగే రబ్బరు టేపును సాగదీసి మూడు చుట్లు చుట్టి, ఎండ తగలకుండా దాని మీద మామూలు నల్ల టేపు చుట్టాలి. కేబుల్ కొనేటప్పుడు తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అదే తీగలో కరెంటు కూడా పంపే ఇలాంటి చోట అది వేడెక్కుతుంది, వోల్టేజి దిగుతుంది, ఉప్పుగాలికి తొందరగా తినేసుకుపోతుంది. ఎంత చవకగా వచ్చినా వద్దు.

ప్రశ్న: మేడ మీదకు వైఫై అందడం లేదని పాత రౌటరును కేబుల్‌తో కలిపాం. అప్పట్నుంచి కింద కూడా కొన్ని ఫోన్లకు నెట్ వస్తోంది, కొన్నిటికి రావడం లేదు.
— డిగ్రీ విద్యార్థి, రాజోలు

ఒకే ఇంట్లో ఇద్దరు కరణాలు కూర్చుని పట్టాలు రాసిస్తున్నారు. వచ్చిన ప్రతి ఫోన్‌కూ ఐపీ అడ్రసు ఇచ్చే పని (డీహెచ్‌సీపీ అంటారు) రెండు రౌటర్లూ చేస్తున్నాయి. పాత రౌటరు నుంచి అడ్రసు తీసుకున్న ఫోన్ బయటికి దారి కూడా దాన్నే అడుగుతుంది, దానికేమో దారి తెలియదు.

పాతదాన్ని కేబుల్ తీసేసి విడిగా ఒక ల్యాప్‌టాప్‌కు కలపండి. అందులో లాన్ (ఇంటి లోపలి నెట్‌వర్క్) ఐపీని 192.168.1.2 చేయండి (కింది రౌటరు 192.168.1.1 అయితేనే. అది 0.1 అయితే ఇది 0.2). డీహెచ్‌సీపీ సర్వర్ ఆపేయండి. వైఫై పేరు, పాస్‌వర్డ్ కిందిదానివే పెట్టండి, 2.4 గిగాహెర్ట్జ్ ఛానల్ మాత్రం వేరుగా ఉంచండి. కింద 1 అయితే పైన 6 గానీ 11 గానీ. తర్వాత కింది రౌటరు నుంచి వచ్చే కేబుల్‌ను పాతదాని నీలం రంగు వాన్ (బయటి నెట్ వచ్చే) రంధ్రంలో కాకుండా పసుపు లాన్ రంధ్రాల్లో ఒకదానికి పెట్టండి. రంగులు కంపెనీని బట్టి మారొచ్చు, పక్కన రాసిన పేరు చూసుకోండి. ఫోన్లన్నీ ఒకసారి వైఫై ఆపి కలపాలి.

మీది మండువా ఇల్లయితే ఇంకో మాట. రెండడుగుల సున్నపు గోడలు 5 గిగాహెర్ట్జ్‌ను దాటనివ్వవు. రెండో రౌటరును గదిలో మూల కాకుండా మండువా వైపు తెరిచి ఉన్న వసారాలో, వాన జల్లు తగలని ఎత్తులో పెడితే నాలుగు వైపులా అందుతుంది.

ప్రశ్న: మిల్లు ఆఫీసులో ఒక కంప్యూటర్‌ను సర్వర్‌గా పెట్టుకుని ఐదుగురం అకౌంట్లు రాస్తున్నాం. కరెంటు పోయి వచ్చిన రోజల్లా మిగతా నలుగురికీ సర్వర్ దొరకదు. సాయంత్రాలు అది దానంతటదే ఆగిపోతోంది కూడా. కొత్త సర్వర్ కొనమంటున్నారు.
— రైస్ మిల్లు గుమాస్తా, మండపేట

ఇందులో రెండు వేర్వేరు తప్పులున్నాయి, ఏదీ కొత్త సర్వర్ అడగడం లేదు.

మొదటిది అడ్రసు. కరెంటు వచ్చాక సర్వర్, రౌటరు ఒకేసారి లేస్తాయి. రౌటరు తన పాత పట్టిక మరిచిపోయి సర్వర్‌కు వేరే ఐపీ ఇస్తుంది, మిగతావాళ్ళు నిన్నటి అడ్రసుకే వెళ్తారు. రౌటరు ఇంకా లేవకముందే సర్వర్ అడిగి విసిగిపోతే 169.254తో మొదలయ్యే అడ్రసు తానే పెట్టుకుంటుంది. అది కనిపిస్తే ‘నాకెవరూ అడ్రసు ఇవ్వలేదు’ అని అర్థం. రౌటరులో డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే పేజీలో సర్వర్ మ్యాక్ అడ్రసుకు (తయారీలోనే వేసే గుర్తింపు అంకెకు) 192.168.1.10 లాంటి ఒక అంకె కట్టేయండి. సర్వర్‌లోనే స్టాటిక్‌గా (మారకుండా) రాసేట్టయితే, రౌటరు పంచే వరుసకు బయట ఉన్న అంకె ఎంచాలి. పంచేది 100 నుంచి 200 అయితే మీరు 10 తీసుకోండి. లేకపోతే ఏదో ఒక రోజు ఎవరి ఫోనో అదే అంకెతో వచ్చి కూర్చుంటుంది.

అడ్రసు సరిగ్గా ఉండి పింగ్‌కు (‘ఉన్నావా’ అని అడిగే కమాండ్) జవాబు రాకపోతే విండోస్ నెట్‌వర్క్ ప్రొఫైల్ చూడండి. రౌటరు మారినా, విండోస్ దాన్ని కొత్త నెట్‌వర్క్ అనుకున్నా ప్రొఫైల్ ‘పబ్లిక్’ అయిపోతుంది, ఫైర్‌వాల్ తలుపులు మూస్తుంది. ‘ప్రైవేట్’కు మార్చండి. ఫైల్ షేరింగ్ 445 పోర్టు (ఒక్కో పనికి ఒక్కో తలుపు నంబరు) మీద నడుస్తుంది. ట్యాలీ ప్రైమ్ వాడుతుంటే మామూలుగా 9000, లైసెన్సుకు 9999 పోర్టులు. వాటినే అనుమతించండి. ఫైర్‌వాల్‌ను మొత్తంగా ఆపేసి ‘ఇప్పుడు వస్తోంది’ అని వదిలేయడం చాలా ఆఫీసుల్లో చూస్తున్న అలవాటు. ఒక్క పెన్‌డ్రైవ్‌తో వచ్చిన వైరస్ ఐదు కంప్యూటర్లకూ తాళం వేసేస్తుంది.

రెండోది, సాయంత్రం ఆగిపోవడం. మిల్లులో అది తవుడు దుమ్ము. సన్నటి, కాస్త జిడ్డున్న ఆ దుమ్ము ప్రాసెసరు మీది ఫ్యాను కింద రేకుల మధ్య దుప్పటిలా పేరుకుంటుంది, పగలంతా వేడి పెరిగి సాయంత్రానికి యంత్రం తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. కంప్యూటర్ తీగలన్నీ ఊడదీసి, బయటికి తీసుకెళ్ళి బ్లోయరుతో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, వదిలేస్తే అది వేగంగా తిరిగి బేరింగ్ పోతుంది. సీజన్‌లో నెలకోసారి చేయాలి. సర్వర్‌ను నేల మీద పెట్టకండి. ఆరబోత జరిగే వైపు కిటికీకి ఎదురుగా అసలే వద్దు.

యూపీఎస్ గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. సర్వర్, మానిటరు, స్విచ్, రౌటరు కలిపి 200 వాట్ల వరకు లాగుతాయి. 12 వోల్టులు 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఒకటున్న 600 వీఏ యూపీఎస్ దాన్ని పది నిమిషాలకు మించి మోయదు. ఆ పది నిమిషాలు పని కొనసాగించడానికి కాదు, డేటా మూసి దింపడానికి. యూపీఎస్ వెనక యూఎస్‌బీ తీగను సర్వర్‌కు కలిపి, బ్యాటరీ మీదకు వెళ్ళిన మూడు నిమిషాలకు దానంతటదే షట్‌డౌన్ అయ్యేలా పెట్టండి. బ్యాటరీ రెండు మూడేళ్ళకు మార్చాల్సిందే. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి, కాగితం కాల్చే రోలరు ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ పడిపోతుంది.

ప్రశ్న: కొన్ని సైట్లు ఠక్కున వస్తాయి, బ్యాంకు సైటు, ఒకటి రెండు ప్రభుత్వ సైట్లు తెల్ల పేజీతో తిరుగుతూనే ఉంటాయి. మొబైల్ డేటాలో అవే బాగా వస్తున్నాయి.
— మీసేవ నిర్వాహకుడు, నరసాపురం

కాలువ లాకు వెడల్పు కన్నా పడవ వెడల్పు ఎక్కువైనట్టు. నెట్‌లో వెళ్ళే ఒక్కో పొట్లం మామూలుగా 1500 బైట్ల వరకు ఉంటుంది. మీకు యూజర్ నేమ్, పాస్‌వర్డ్‌తో కలిసే పీపీపీఓఈ కనెక్షన్ అయితే దాని సొంత తలకట్టుకు 8 బైట్లు పోయి 1492 మాత్రమే పడుతుంది. పెద్ద పొట్లం వచ్చినప్పుడు ‘చిన్నది చేసి పంపు’ అని కబురు వెనక్కి వెళ్ళాలి. కొన్ని సైట్ల దగ్గర ఫైర్‌వాల్ ఆ కబురునే ఆపేస్తుంది. వాళ్ళు పంపుతూనే ఉంటారు, మీకు అందదు.

విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో పింగ్ -ఎఫ్ -ఎల్ 1464 8.8.8.8 అని కొట్టండి (అక్షరాలు ఇంగ్లీషులో). 1464కు పొట్లం తలకట్టు 28 కలిపితే 1492. జవాబు వస్తే దారి అంత వెడల్పు ఉంది. రాకపోతే నాలుగు చొప్పున తగ్గిస్తూ వెళ్ళి, జవాబు వచ్చిన అతిపెద్ద అంకెకు 28 కలపండి. అదే మీ ఎంటీయూ. రౌటరు వాన్ పేజీలో ఆ అంకె రాయండి. ఎంఎస్ఎస్ క్లాంపింగ్ అనే గడి ఉంటే తెరిచి ఎంటీయూలో 40 తగ్గించి రాయండి, 1492కు 1452. రౌటరు ఆపి వెలిగించి మళ్ళీ చూడండి.

దీనికి ముందు ఒక్కటి చూడండి, కంప్యూటర్ గడియారం. బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీ అయిపోయి తేదీ వెనక్కి పోతే భద్రమైన సైట్లు తెరుచుకోవు. అప్పుడు తెల్ల పేజీకి బదులు సర్టిఫికెట్ హెచ్చరిక వస్తుంది, తేడా అక్కడ పట్టుకోవచ్చు.

ప్రశ్న: తోటలో కెమెరాల డీవీఆర్‌ను (రికార్డింగు పెట్టెను) హైదరాబాద్ నుంచి చూడాలని రౌటరులో పోర్టు ఫార్వర్డింగ్ (బయటి పిలుపును లోపలి పెట్టెకు పంపే సెట్టింగు) పెట్టాం. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బయటి నుంచి మాత్రం తెరుచుకోదు.
— కొబ్బరి రైతు కుమారుడు, రావులపాలెం

రౌటరు స్టేటస్‌లో వాన్ ఐపీ చూడండి. 100.64 నుంచి 100.127 వరకు మొదలయ్యే అంకె గానీ, 10తో మొదలయ్యేది గానీ అయితే మీ సెట్టింగుల్లో తప్పు లేదు. మీ కంపెనీ వందల ఇళ్ళను ఒకే బయటి అడ్రసు వెనక ఉంచింది. వీధి తలుపు వాళ్ళది, మీరు తెరిచింది లోపలి గది తలుపు.

దారులు మూడున్నాయి. కంపెనీని అడిగి, అదనపు సొమ్ము కట్టి స్టాటిక్ పబ్లిక్ ఐపీ తీసుకోవచ్చు. లేదా డీవీఆర్ తయారీదారు యాప్ ద్వారా క్యూఆర్ కోడ్‌తో చూడొచ్చు. తేలిక, కానీ మీ బొమ్మలు వాళ్ళ సర్వర్ మీద ఆధారపడతాయి. మూడోది మేము మెచ్చేది. నెలవారీ అద్దెకు ఒక చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుని, తోటలోని రౌటరు నుంచి, హైదరాబాద్ ఫోన్ నుంచి దానికి వైర్‌గార్డ్ (రెండు చోట్లను గుప్తంగా కలిపే ప్రోగ్రాం) సొరంగం వేయడం. పిలుపు లోపలి నుంచి బయటికి వెళ్తుంది కాబట్టి కంపెనీ తలుపు అడ్డం రాదు. క్లౌడ్ వైపు యూడీపీ 51820 తెరవండి. తోట వైపు ‘పర్సిస్టెంట్ కీప్‌అలైవ్’ 25 సెకన్లు పెట్టండి, లేకపోతే కాసేపు మాటలు లేకపోతే సొరంగం నోరు మూసుకుపోతుంది. క్లౌడ్ వైపు ‘అలౌడ్ ఐపీస్’లో తోట నెట్‌వర్క్ మొత్తం రాయాలి, ఐపీ ఫార్వర్డింగ్ తెరవాలి. ఈ రెండూ మరిచిపోతే సొరంగం కలిసినట్టే ఉంటుంది గానీ కెమెరా రాదు. ఇంకో చిక్కు: తోటలోనూ, హైదరాబాద్ ఇంట్లోనూ 192.168.1 వరుసే ఉంటే ఫోన్‌కు ఏది ఏదో తెలియదు. తోటలో వరుసను 192.168.57కు మార్చేయండి.

పబ్లిక్ ఐపీ తీసుకున్నా డీవీఆర్‌ను నేరుగా వీధిలో పెట్టకండి. 2016లో మిరాయ్ అనే వైరస్ ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాలను, డీవీఆర్‌లను వెతికి వెతికి తన వశం చేసుకుంది. ఆ వెతుకులాట ఇప్పటికీ ఆగలేదు.

ప్రశ్న: ఆఫీసు నుంచి షెడ్డుకు 130 మీటర్ల కేబుల్ వేశాం. ఒకప్పుడు వస్తుంది, ఒకప్పుడు రాదు. పిడుగుల రోజుల్లో రెండు స్విచ్‌లు కాలిపోయాయి.
— నర్సరీ యజమాని, కడియపులంక

రాగి ఈథర్నెట్ కేబుల్‌కు 100 మీటర్లే హద్దు. ఆ పైన పని చేస్తే అదృష్టం, చేయకపోతే హక్కు లేదు. మధ్యలో స్విచ్ పెట్టి పొడిగించవచ్చు గానీ మీ చోట అది చేయొద్దు. రెండు భవనాల మధ్య ఆరుబయట రాగి తీగ అంటే పిడుగుకు పరిచిన దారి. దగ్గర్లో ఎక్కడ పడినా రెండు చోట్ల నేల వోల్టేజి తేడా ఆ తీగ గుండా ప్రవహించి రెండు చివర్లనూ కాలుస్తుంది.

ఫైబర్ వేయండి. లోపల ఉక్కు తీగ లేని రకం అడగండి. ఉక్కు ఉంటే పిడుగుకు మళ్ళీ దారి ఇచ్చినట్టే. రెండు చివరలా మీడియా కన్వర్టర్లు (రాగి తీగ సిగ్నల్‌ను వెలుతురుగా, వెలుతురును సిగ్నల్‌గా మార్చే పెట్టెలు) పెట్టాలి. ఒకే పోగు మీద నడిచేవి జతగా వస్తాయి: ఒకటి ఏ, ఇంకొకటి బీ. ఒకటి 1310 నానోమీటర్ల మీద పంపి 1550 మీద వింటుంది, రెండోది తిరగేసి. విడివిడిగా కొని రెండూ ఏ తెచ్చుకుంటే ఎన్ని రోజులు చూసినా కలవవు. మొక్కల మధ్య పలుగు, పార ఆడే నేల కాబట్టి మూడడుగుల లోతున పైపులో వేసి, పైన ఇటుక వరుస పేర్చండి.

ప్రశ్న: కాలేజీలో ఉబుంటు సర్వర్ ‘డిస్క్‌లో చోటు లేదు’ అంటోంది. చూస్తే 40 శాతం ఖాళీ ఉంది.
— ల్యాబ్ టెక్నీషియన్, భీమవరం

డీఎఫ్ -ఐ కొట్టండి (ఇంగ్లీషు అక్షరాల్లో). అక్కడ 100 శాతం కనిపిస్తే నిండింది చోటు కాదు, ఐనోడ్లు (ఒక్కో ఫైలు వివరాలు రాసుకునే గడులు). ఫైలు ఎంత చిన్నదైనా ఒక ఐనోడ్ తింటుంది, ఉబుంటు మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 ఫార్మాట్‌లో వాటి సంఖ్య డిస్క్ ఫార్మాట్ చేసిన రోజే ఖరారవుతుంది. వెబ్‌సైటు నడుపుతుంటే మొదట పీహెచ్‌పీ సెషన్ ఫైళ్ళ ఫోల్డరు, ఆ తర్వాత పంపలేక మిగిలిన మెయిళ్ళ క్యూ చూడండి. లక్షల్లో ఉంటే చెరిపే ఆర్ఎం కమాండ్ నక్షత్రం గుర్తుతో కొట్టినప్పుడు ‘జాబితా మరీ పొడుగు’ అంటుంది. ఫైండ్ కమాండ్‌కు డిలీట్ జోడించి, రెండు రోజుల కన్నా పాతవి మాత్రమే తీసేయండి. ఐనోడ్లు కూడా ఖాళీగానే ఉంటే, చెరిపేసినా ఇంకా ఏదో ప్రోగ్రాం పట్టుకు కూర్చున్న లాగ్ ఫైలు ఉండొచ్చు. ఎల్ఎస్ఓఎఫ్ +ఎల్1 అది చూపిస్తుంది. ఆ ప్రోగ్రాంను రీస్టార్ట్ చేస్తే చోటు వదులుతుంది.

ప్రశ్న: మా లంకలో ప్రతి ఏడూ వరద భయమే. సొసైటీ ఆఫీసులో సర్వర్, స్విచ్ ఉన్నాయి. మునగకుండా, మునిగితే ఏం చేయాలి?
— సొసైటీ కార్యదర్శి, పి.గన్నవరం మండలం

ధవళేశ్వరం దగ్గర గోదావరి మట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. మీ పనిని వాటికే ముడిపెట్టుకోండి. మొదటి హెచ్చరికకు పూర్తి బ్యాకప్ ఒక బయటి డిస్క్ మీద తీసి, ఏటిగట్టుకు అవతల ఉన్న ఊళ్ళో మీ మనిషి దగ్గరకు పంపేయండి. అదే రోజు ఆ డిస్క్‌లోంచి ఒక ఫైలు తెరిచి చూడాలి. తెరిచి చూడని బ్యాకప్ ఉన్నట్టు కాదు. రెండో హెచ్చరికకు ప్రతి తీగకూ కాగితం అంటించి ఏది ఎందులో ఉందో రాసి, ముందు నుంచి వెనక నుంచి ఫోటో తీసి, సర్వర్‌ను పద్ధతిగా షట్‌డౌన్ చేసి మేడ మీదకు చేర్చండి. మేడ లేకపోతే పడవ దాటే దారి ఉండగానే గట్టు దాటించండి. మూడోదాకా ఆగితే మనుషుల్ని చూసుకోవడమే సరిపోతుంది, ఆగకూడదు.

మునిగితే: మెయిన్ స్విచ్ ఆపే ఉందని తేలేదాకా ఏ పెట్టెనూ ముట్టుకోవద్దు. ‘పని చేస్తుందేమో’ అని ఒక్కసారి కూడా వెలిగించకండి. తడి బోర్డును చంపేది నీరు కాదు, ఆ తడిలో పారే కరెంటు. స్విచ్, రౌటరు లాంటి వాటిని తెరిచి, ఒండ్రు ఎండి గట్టిపడకముందే మంచినీటితో కడిగి, తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తటి బ్రష్ పెట్టి తుడిచి, ఫ్యాను గాలిలో మూడు నాలుగు రోజులు ఆరనివ్వండి. ఎర్రటి ఎండలో వద్దు, ప్లాస్టిక్ వంగుతుంది. అడాప్టర్లు, యూపీఎస్ బ్యాటరీలు, విద్యుత్ ఎక్స్‌టెన్షన్ పెట్టెలు మునిగితే తిరిగి వాడకండి, పారేయండి.

హార్డ్ డిస్క్ సంగతి వేరు. దాన్ని తెరవకండి, కడగకండి, ఎండబెట్టకండి. లోపల ఒండ్రు పళ్ళెం మీద ఎండితే గీరకుండా ఊడదు. తడిగా ఉన్నది తడిగానే, తడిగుడ్డలో చుట్టి, గాలి దూరని ప్లాస్టిక్ సంచిలో పెట్టి డేటా రికవరీ ల్యాబుకు పంపాలి. రెండు డిస్క్‌ల రైడ్ (ఒకే డేటాను రెండిటి మీదా రాసే ఏర్పాటు) ఉందని ధీమా పడేవాళ్ళుంటారు. రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయి, ఒకే నీట్లో మునుగుతాయి.